మూడు నిమిషాల పాటకు మూడు వారాల పాట్లు

పొలం గట్లపై విద్యార్థుల చిత్రీకరణ - అవ్వల పాటలకు కొత్త వేదిక - పేరు, ప్రతిఫలం మరువరాదు

నాట్ల కాలం వచ్చిందంటే పొలాల్లో పాట వినిపించడం ఈనాటి సంగతి కాదు. నడుము వంచి నారు పెట్టే ఆడకూలీలలో ఒకరు పాట ఎత్తుకోవడం, మిగిలినవారు అందుకోవడం, ఆ పాట వెంట పని సాగిపోవడం తరతరాలుగా ఉన్నదే. కొత్తగా కనిపిస్తున్నదల్లా గట్టు మీద నిలబడిన కళాశాల విద్యార్థులు. ఒకరి చేతిలో సెల్‌ఫోను బిగించిన కర్ర, ఇంకొకరి చేతిలో చిన్న స్పీకరు, మరొకరు ఎత్తి పట్టుకున్న తెల్లని థర్మాకోల్ అట్ట. "అవ్వా! ఇంకొక్కసారి పాడవ్వా" అని వారు బతిమాలడం, "ఎన్నిసార్లు పాడాలె బిడ్డా? మడి నిండవట్టె" అని ఆమె విసుక్కోవడం ఇప్పుడు చాలా ఊళ్ళలో కనిపించే దృశ్యమే.

చూసేవారికి వింతగా తోచే ప్రశ్న ఒక్కటే. పాట చూస్తే మూడు నిమిషాలు. దాన్ని తీయడానికి రెండు మూడు రోజులు, ఆ తరువాత కూర్చడానికి రెండు వారాలు ఎందుకు? పిల్లలు కాలం వృథా చేస్తున్నారా, లేక అందులో నిజంగా అంత పని ఉన్నదా?

పని ఉన్నది. చాలా ఉన్నది. అది సరిగా జరిగితే ఊరి పాట నిలుస్తుంది. సరిగా జరగకపోతే పాట పాడిన మనిషి తప్ప మిగిలినదంతా తెరమీద కనిపిస్తుంది.

పాట కరువవుతున్న పొలాలు

ఈ చిత్రాలకు ఇంత ప్రాధాన్యం రావడానికి ఒక కారణం పొలంలోనే ఉన్నది. నాటు యంత్రాలు వచ్చాయి. నారు పోయకుండా వడ్లు వెదజల్లే పద్ధతి కొన్నిచోట్ల పెరిగింది. ఇటీవలి సంవత్సరాలలో బీహారు, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాల నుంచి కూలీలు బృందాలుగా వచ్చి తెలంగాణ జిల్లాలలో నాట్లు వేసి వెళ్తున్నారు. పని జరుగుతూనే ఉన్నది గాని ఆ పనితో పుట్టిన పాట మాత్రం పొలం విడిచి అవ్వల జ్ఞాపకంలోకి వెళ్ళిపోయింది.

జానపద గేయాలను సేకరించడం పెద్దలు ఎప్పుడో మొదలుపెట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు గారు 1950 దశకంలోనే తెలుగు జానపద గేయ సాహిత్యంపై పరిశోధన చేశారు. ఆనాడు కాగితం, కలం సాధనాలు. కాగితం మీద పదం నిలుస్తుంది కాని గొంతులోని వణుకు, మధ్యలో పీల్చే ఊపిరి, పక్కనున్నవారి నవ్వు నిలవవు. ఈనాడు విద్యార్థి జేబులోని ఫోను అవన్నీ పట్టగలదు.

పల్లె నుంచి వెలువడే చిత్రాలకు ఆదరణ ఉంటుందా అన్న సందేహం కూడా తీరిపోయింది. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన 'మై విలేజ్ షో' వీడియోలు ఊరి మాటను, ఊరి మనుషులను రాష్ట్రాలు దాటించాయి. పొలం పనులకు వెళ్ళిన గంగవ్వ ఆ వీడియోల ద్వారానే ఇంటింటికీ పరిచయమైంది. 2020లో టెలివిజన్ 'బిగ్ బాస్' కార్యక్రమం దాకా వెళ్ళింది. అది చూసిన తరువాత కెమెరా అంటే పట్నానికే చెందినదని ఎవరూ అనుకోవడం లేదు.

ముందు పాట, తరువాత బొమ్మ

పాటను తీయడంలో మొదటి సూత్రం ఇది: పాట ముందు, బొమ్మ తరువాత. ధ్వనిని ముందుగా ముద్రించి, దాన్ని వినిపిస్తూ దృశ్యం తీస్తారు.

సినిమాలలో మొదట ఇలా ఉండేది కాదు. 1932లో హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో 'భక్త ప్రహ్లాద' వచ్చిన రోజులలో నటులే కెమెరా ముందు పాడేవారు. అభినయం, గానం రెండూ ఒకేసారి జరగాలి. కలకత్తాలోని న్యూ థియేటర్స్ సంస్థ 1935లో నితిన్ బోస్ దర్శకత్వంలో తీసిన బెంగాలీ 'భాగ్యచక్ర', దాని హిందీ రూపం 'ధూప్ ఛావ్' చిత్రాలతో నేపథ్యగానం మన దేశంలో స్థిరపడింది. ఆ చిత్రాలకు సంగీతం రాయ్‌చంద్ బోరాల్. ఆనాటి నుంచి పాటను వేరుగా ముద్రించి, దానికి పెదవులు కదపడం ఆనవాయితీ అయింది. ఈనాడు పొలం గట్టు మీద స్పీకరు పెట్టి విద్యార్థులు చేస్తున్నదీ అదే.

అవ్వ పాటను ముద్రించడానికి స్టూడియో అక్కరలేదు. కాని నాలుగు జాగ్రత్తలు కావాలి. తెల్లవారుజామున, మోటార్లు ఆడని వేళ, ఫ్యాను ఆపిన గదిలో కూర్చోబెట్టాలి. గోడలకు బొంతలు వేలాడదీస్తే గది ప్రతిధ్వని తగ్గుతుంది. మైకు నోటికి జానెడు దూరంలో, కొద్దిగా పక్కకు ఉండాలి. ఎదురుగా పెడితే ఊపిరి దెబ్బ తగిలి శబ్దం చిట్లుతుంది.

ఇక్కడే విద్యార్థులు తరచు ఒక పొరపాటు చేస్తుంటారు. కంప్యూటరులో ముందే ఒక తాళం సిద్ధం చేసి, దానికి పాడమని అవ్వను అడుగుతారు. నాటు పాట గడియారం ప్రకారం నడిచేది కాదు. బురదలో అడుగు వెనక్కి వేసినప్పుడు కొంచెం సాగుతుంది, నారు కట్ట అందుకున్నప్పుడు కొంచెం ఆగుతుంది. తాళానికి కట్టేస్తే ఆమె బెదిరిపోతుంది, పాట బిగుసుకుపోతుంది. అనుభవం ఉన్నవారు దీనిని తలకిందులు చేస్తారు. ముందు ఆమెను ఆమె ఇష్టం వచ్చినట్లు పాడనిస్తారు. ఆ తరువాత డప్పు వాయించేవారిని పిలిచి, ఆమె గొంతు వింటూ వాయించమంటారు. వాద్యం మనిషి వెంట నడవాలి గాని మనిషి వాద్యం వెంట పరుగెత్తరాదు.

పెదవికీ పాటకూ పొత్తు

ముద్రించిన పాట వినిపిస్తూ పాడించేటప్పుడు వచ్చే చిక్కు పెదవులది. తెరమీద పెదవి ఒకచోట, మాట ఒకచోట ఉంటే పసిపిల్లవాడు కూడా పసిగడతాడు.

ఊరికే పెదవులు కదిపితే చాలదు. నిజంగా గొంతెత్తి పాడాలి. పాడేటప్పుడు మెడ నరాలు బిగుస్తాయి, ఛాతీ ఎగుస్తుంది, కనుబొమలు కదులుతాయి. నోరు మాత్రమే ఆడిస్తే అవన్నీ నిశ్చలంగా ఉండి అబద్ధం బయటపడుతుంది.

రెండవది దూరం. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. ఇది వేగమే అయినా పొలంలో చాలదు. స్పీకరు అవ్వ దగ్గర ఉండి, కెమెరా 34 మీటర్ల దూరంలో మరో గట్టు మీద ఉందనుకుందాం. అవ్వ పాడిన మాట కెమెరాకు వినిపించేసరికి సెకనులో పదో వంతు ఆలస్యమవుతుంది. సెకనుకు 25 బొమ్మల చొప్పున తీసే కెమెరాలో అది రెండున్నర బొమ్మల తేడా. కెమెరా విన్న ధ్వనిని నమ్మి కూర్చితే పెదవి ముందు, మాట వెనుక అవుతుంది.

అందుకే పాటకు ముందు మూడు టిక్కు శబ్దాలు చేర్చుతారు. మూడవ శబ్దం వినగానే కెమెరాకు కనిపించేలా ఒకరు చప్పట్లు కొడతారు. రెండు చేతులు కలిసిన బొమ్మను, మూడవ టిక్కును ఒకచోట పెడితే ఆ షాటంతా కుదురుకుంటుంది. సినిమా షూటింగులలో క్లాప్ బోర్డు చేసే పని ఇదే. ఫలకం మీద అంకెలు ఏ షాటో చెబుతాయి, చెక్కల చప్పుడు ధ్వనిని బొమ్మతో కలుపుతుంది. పైనుంచి తీసే డ్రోను తన రెక్కల హోరులో పాటను వినలేదు గనుక అక్కడ ఈ చప్పట్లే ఆధారం.

తెరమీద అందరూ మెల్లగా కదులుతుంటే పెదవులు మాత్రం పాటకు సరిపోవడం కొన్ని పాటలలో కనిపిస్తుంది. అందులో మాయ లేదు. పాటను రెట్టింపు వేగంతో వినిపించి, సెకనుకు 50 బొమ్మలు తీసి, వాటిని 25 చొప్పున చూపిస్తారు. హడావిడిగా పాడిన పెదవి మామూలు వేగానికి వస్తుంది, మామూలుగా ఎగిరిన కొంగు మెల్లగా ఎగురుతుంది.

నాటు ఆగదు, పొద్దు ఆగదు

సినిమావారు సెట్టు వేస్తే అది వారి చెప్పుచేతల్లో ఉంటుంది. పొలం అలా కాదు. నాటిన మడి మళ్ళీ ఖాళీ కాదు. ఉదయం బురద కనిపించిన చోట మధ్యాహ్నానికి పచ్చదనం పరుచుకుంటుంది. ముందు దూరపు దృశ్యం తీసి, సాయంత్రం దగ్గరి దృశ్యం తీస్తే వెనుక మడి మారిపోయి ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు ఒక్క క్షణంలో మడి నిండినట్లు, మరుక్షణంలో ఖాళీ అయినట్లు కనిపించి చూసేవారు నవ్వుతారు.

కాబట్టి ముందు రోజే కాగితం మీద వరుస రాసుకోవాలి. ఏ చరణానికి దూరం, ఏ చరణానికి నడుము దాకా, ఏ మాటకు ముఖం, ఏ దరువుకు చేతులు. నారు కట్ట ఏ చేతిలో ఉన్నది, కొంగు ఏ భుజం మీద ఉన్నది, గాజులు ఎన్ని, ఇవన్నీ ఒకరు చూసి రాసుకుంటూ ఉండాలి. కెమెరా మడికి ఒక పక్కనే ఉండాలి. ఎద్దుల బండిని ఈ పక్క నుంచి చూస్తే కుడికి పోతున్నట్లు, ఆ పక్క నుంచి చూస్తే ఎడమకు పోతున్నట్లు కనిపిస్తుంది గదా! కెమెరా గట్టు మారిస్తే ముందుకు నాటుతున్న వరుస వెనక్కి నాటుతున్నట్లు తోస్తుంది.

వెలుతురు మరొక సమస్య. నడినెత్తిన పొద్దున్నప్పుడు కళ్ళ కింద నల్లని నీడలు పడతాయి. ఉదయం తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తరువాత ముఖం బాగా కనిపిస్తుంది. మధ్యలో తీయవలసి వస్తే తెల్ల పంచెను నలుగురు పైన పట్టుకుంటే ఎండ మెత్తబడుతుంది, థర్మాకోల్ అట్టతో కింద నుంచి వెలుతురు కొడితే నీడ పోతుంది. ఖర్చు లేని ఉపాయాలివి.

అన్నిటికన్నా ముఖ్యం పనివారి పొద్దు. నారు ముదరకముందే, సుమారు నెల లోపే నాటు పూర్తి కావాలి. కూలీలు గుత్తకు ఒప్పుకొని వచ్చి ఉంటారు. వారిని గంటసేపు ఆపితే ఆ గంట ఎవరిదో తేల్చుకోవాలి. పూట పని చెడగొట్టినవారు పూట కూలి ఇవ్వడం న్యాయం. రైతు అనుమతి ముందే తీసుకోవడం మర్యాద.

మరొక మర్యాద కూడా ఉన్నది. చీర ఎగదోపుకొని, నడుము వంచి పనిచేసే స్త్రీలను ఏ కోణం నుంచి తీయాలన్నది విద్యార్థులు ఆలోచించవలసిన విషయం. ఎదురుగా, వారి చూపు ఎత్తు నుంచి తీస్తే పని కనిపిస్తుంది, మనిషి కనిపిస్తుంది. తీసిన ముక్కను అక్కడికక్కడే వారికి చూపించి, వద్దన్నదాన్ని చెరిపేస్తే ఊరివారి నమ్మకం నిలుస్తుంది. బృందంలో విద్యార్థినులు ఉన్నచోట ఈ పని సులభంగా సాగుతుంది.

దీపాల చారలు, లెక్క తప్పిన బొమ్మలు

రాత్రి పూట గుడి ముందో, పందిరి కిందో కోలాటం తీసినప్పుడు తెరమీద నల్లని చారలు కదలడం చాలామందికి అనుభవమే. కెమెరా పాడైందని కంగారు పడనక్కరలేదు. మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తుల చొప్పున నడుస్తుంది. దానితో ట్యూబులైట్లు, కొన్ని ఎల్ఈడీ దీపాలు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు గాని కెమెరాకు తెలుస్తుంది. కెమెరాలో షట్టరు వేగాన్ని సెకనులో 50వ వంతుకో, 100వ వంతుకో మార్చితే చారలు చాలావరకు పోతాయి.

ఇంకో చిక్కు బొమ్మల లెక్కలో ఉన్నది. సినిమాకు సెకనుకు 24 బొమ్మలు, మన టెలివిజనుకు 25, సెల్‌ఫోనుకు సాధారణంగా 30. అంతేగాక చాలా ఫోన్లు వెలుతురును బట్టి ఈ లెక్కను తమంతట తామే హెచ్చుతగ్గులు చేస్తాయి. అలాంటి దృశ్యాన్ని కూర్పులో వేస్తే పాట మొదట్లో కలిసిన పెదవులు చివరికి వచ్చేసరికి తప్పిపోవచ్చు. అందరి ఫోన్లలో ఒకే లెక్క పెట్టుకోవడం, లెక్క మారకుండా బిగించే కెమెరా యాప్ వాడడం దీనికి మందు.

రీలు రోజులు, కార్డు రోజులు

ఫిల్ము రోజులలో ప్రతి అడుగూ డబ్బే. 35 మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషానికి 90 అడుగులు తిరుగుతుంది. మూడు నిమిషాల పాటకు 270 అడుగులు. వెయ్యి అడుగుల చుట్ట పదకొండు నిమిషాలకు అయిపోతుంది. అందుకే పదిసార్లు సాధన చేసి ఒక్కసారి కెమెరా తిప్పేవారు.

ఇప్పుడు సాధన చేయకుండానే పదిసార్లు తీస్తున్నారు. ఖర్చు లేదనుకుంటారు గాని ఖర్చు మరోచోట తేలుతుంది. మూడు నిమిషాల పాటను ఆరు కోణాలలో, కోణానికి నాలుగుసార్లు తీస్తే 72 నిమిషాల దృశ్యం అవుతుంది. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున ముద్రించే 4కె దృశ్యం నిమిషానికి 750 మెగాబైట్లు తీసుకుంటుంది. అంటే మొత్తం 54 గిగాబైట్లు. చాలా ఫోన్లు అక్కడే చేతులెత్తేస్తాయి. జాగా చాలక నిన్నటి దృశ్యాలు చెరిపి ఈరోజువి తీసి, తరువాత లబోదిబోమన్నవారు ఉన్నారు.

నాటు ఈ సంవత్సరానికి మళ్ళీ రాదు. పోయిన దృశ్యం పోయినట్లే. అందువల్ల ఏ రోజు తీసింది ఆ రోజే మూడు ప్రతులుగా దాచాలని ఈ విద్య తెలిసినవారు చెబుతారు. రెండు వేర్వేరు పరికరాలలో, అందులో ఒకటి వేరే ఇంట్లో. విత్తనం ఒకే గాదెలో పెట్టని రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనవసరం లేదు.

కూర్పు: కనిపించని చాకిరి

సినిమా పేర్ల పట్టికలో 'కూర్పు' అని వచ్చే మాటకు అర్థం ఇక్కడ తెలుస్తుంది. ఇంగ్లీషులో ఎడిటింగ్ అంటారు. పూర్వం ఫిల్మును కత్తిరించి, టేపుతో అతికించి, యంత్రం మీద తిప్పి చూసేవారు. ఇప్పుడు కంప్యూటరులో జరుగుతున్నది. 'డావిన్చీ రిజాల్వ్'కు ఉచిత రూపం ఉన్నది, 'కెడెన్‌లైవ్' పూర్తిగా ఉచితం. కొనలేని విద్యార్థి చట్టవిరుద్ధమైన నకళ్ళ జోలికి పోవలసిన అవసరం లేదు.

మొదటి పని వేరుచేయడం. 72 నిమిషాలూ చూసి పనికివచ్చేదానికి గుర్తు పెట్టాలి. ఇది వడ్లు తూర్పారబట్టడం వంటిది. విసుగు పుడుతుంది కాని తప్పించుకుంటే తాలు మిగులుతుంది. రెండవ పని ప్రతి షాటునూ అసలు పాటకు అతికించడం. మూడవ పని ముడి కూర్పు. ఏది ముందు, ఏది వెనుక అన్న వరుస. ఆ తరువాతే కత్తెర.

కత్తెర ఎక్కడ పడాలన్నది ఈ విద్యకు ప్రాణం. నిమిషానికి వంద దరువులున్న పాటలో దరువుకూ దరువుకూ మధ్య 0.6 సెకను, అంటే సరిగ్గా 15 బొమ్మలు. ప్రతి దరువుకూ దృశ్యం మార్చితే కళ్ళు తిరుగుతాయి. కొత్తగా నేర్చుకున్నవారికి చెయ్యి ఊరుకోదు. చెయ్యి తిరిగినవారు నాలుగు దరువులకో, ఎనిమిది దరువులకో మార్చుతారు. చాలామంది దరువుకు ఒకటి రెండు బొమ్మల ముందే కత్తెర వేస్తారు. కన్ను కొత్త దృశ్యానికి అలవాటుపడే లోపు దెబ్బ వినిపించి రెండూ కలిసినట్లు తోస్తుంది.

కదలికలో కత్తెర వేయడం మరొక మెళకువ. దూరపు దృశ్యంలో అవ్వ నారు పట్టుకొని వంగుతుంది. ఆ వంగడం సగంలో ఉండగా దగ్గరి దృశ్యానికి మారితే వేళ్ళు బురదలో దిగుతాయి. చూసేవాడి కన్ను కదలిక వెంట పోతుంది గనుక మార్పు తెలియదు. ఆగి ఉన్నప్పుడు మార్చితే కుదుపు తెలుస్తుంది.

అయితే కూర్పులో అసలు పరీక్ష లెక్కలది కాదు. అవ్వ రెండవ చరణంలో ఒక మాట మరిచిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతుంది. పక్కనున్న ఆమె ఆ మాట అందిస్తుంది. దాన్ని తీసివేయాలా, ఉంచాలా? కత్తిరిస్తే పాట నున్నగా ఉంటుంది. ఉంచితే పాట ఒకరిది కాదు, పదిమందిదని తెలుస్తుంది. ఇలాంటి చోటే కూర్చేవాడి మనసు బయటపడుతుంది.

కత్తెర లేని పాట

కత్తెరే లేకుండా పాట తీసిన విద్యార్థులూ ఉన్నారు. కెనడాలోని మాంట్రియల్ నగరంలో క్యూబెక్ విశ్వవిద్యాలయం విద్యార్థులు 172 మంది 2009 సెప్టెంబరులో ఒక ప్రసిద్ధ ఇంగ్లీషు పాటకు పెదవులు కదుపుతూ తమ భవనమంతా నడిచిపోయే ఒకే షాటు తీశారు. కెమెరా గది నుంచి గదికి పోతుంటే ఒకరి తరువాత ఒకరు పాటను అందుకున్నారు. చిత్రీకరణ రెండుంబావు గంటలలో ముగిసింది. ఇంటర్నెట్‌లో లక్షలాది మంది దాన్ని చూశారు.

కూర్పు లేదు గదా, సులువేనని అనుకోరాదు. అక్కడ కూర్పంతా ముందే జరిగింది. ఎవరు ఏ తలుపు దగ్గర, ఏ మాటకు కనిపించాలో నిర్ణయమై ఉండాలి. చివరి మనిషి తప్పినా మొదటి నుంచి రావాలి. కష్టాన్ని ముందు పడినా తరువాత పడినా పడక తప్పదని ఆ చిత్రం చెబుతున్నది.

పాట ఎవరిది?

పాట సిద్ధమై ఇంటర్నెట్‌లో పెట్టే సమయానికి అసలు వివాదం మొదలవుతుంది. సినిమా పాటకు దృశ్యం తీసిన విద్యార్థికి తరచు ఎదురయ్యేది నిరాశే. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం పాట రాసినవారికీ, బాణీ కట్టినవారికీ వారి మరణానంతరం 60 సంవత్సరాల వరకు హక్కులుంటాయి. ధ్వనిముద్రణకు అది వెలువడిన తరువాత 60 సంవత్సరాలు. కళాశాలలో తోటి విద్యార్థులు, అధ్యాపకులు, తల్లిదండ్రుల ముందు ప్రదర్శించడానికి చట్టంలో మినహాయింపు ఉన్నది. లోకమంతటికీ పెట్టడానికి ఆ మినహాయింపు వర్తించదు. యూట్యూబ్ యంత్రమే పాటను గుర్తుపట్టి ధ్వని ఆపివేయవచ్చు, లేదా ఆదాయాన్ని హక్కుదారుకు మళ్ళించవచ్చు.

జానపద గేయానికి ఆ బెడద లేదని చాలామంది అటు తిరుగుతున్నారు. తరతరాల పాటకు కర్త పేరు తెలియదు. కాని పాడిన మనిషి తెలుసు. 2012లో చట్టానికి వచ్చిన సవరణ ప్రకారం, ప్రదర్శించిన కళాకారునిగా తన పేరు చెప్పించుకునే హక్కు పాడిన వ్యక్తికి ఉన్నది. ప్రదర్శకుల హక్కులు 50 సంవత్సరాలు నిలుస్తాయి. చదువు రాని కూలీ అయినా, పేరున్న గాయని అయినా చట్టానికి ఒకటే.

ఆచరణలో జరుగుతున్నది మాత్రం వేరు. అవ్వ దగ్గర పాట నేర్చుకొని, పట్నంలో మరొక గొంతుతో పాడించి, తెరమీద మరొకరిని ఆడించి, చివరికి 'సేకరణ' అని తమ పేరు వేసుకునేవారు ఉన్నారు. బాణీ తమదేనని రాసుకునేవారూ లేకపోలేదు. తరువాత అదే పాటను ఊరివారు పాడుకొని పెట్టుకుంటే యంత్రం వారినే దొంగలనే ప్రమాదం ఉన్నది.

డబ్బు సంగతి కూడా దాచకుండా మాట్లాడుకోవాలి. వీడియో పెట్టగానే లక్షలు వచ్చిపడతాయన్నది భ్రమ. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం రావాలంటే ఛానెలుకు వెయ్యి మంది చందాదారులు, పన్నెండు నెలల్లో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలి. చిన్న వీడియోలకైతే వేరే లెక్క ఉన్నది. చాలా విద్యార్థి చిత్రాలు అక్కడి దాకా రావు. అయినా, వస్తే ఎవరికెంత అన్నది చిత్రీకరణకు ముందే ఒక కాగితం మీద రాసుకోవడం మంచిది. పాట పాడినవారి పేరు, ఊరు, ఇచ్చిన మొత్తం, ఆదాయంలో వాటా, వద్దనుకున్నప్పుడు తీసివేసే షరతు. అర పేజీ చాలు. అవ్వకు చదివి వినిపించి, ఊరిలో ఒకరిద్దరు పెద్దల ఎదుట వేలిముద్రో సంతకమో తీసుకుంటే రేపు గొడవ ఉండదు.

ప్రాణం కన్నా పాట ఎక్కువ కాదు

చిత్రీకరణ మోజులో ప్రమాదాలు కొనితెచ్చుకోవద్దు. రైలు పట్టాల మీద పాట తీయడం కొందరికి సరదా. 1989 రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళితే ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. జైలు కన్నా ముందు రైలు వస్తుందన్నది గుర్తుంచుకోవాలి. చెవిలో పాట మోగుతుంటే కూత వినపడదు.

నిండిన చెరువు, మత్తడి, దిగుడు బావి అంచులు కూడా అలాంటివే. కెమెరా వెనుక ఉన్నవాడు తెరలో చూస్తూ వెనక్కి నడుస్తాడు. అతని భుజం పట్టుకొని నడిపించడానికి ఒక మనిషి తప్పనిసరి. బురద మడిలో వైర్లు లాగి దీపాలు పెట్టడం విద్యుత్తుతో చెలగాటమే. డ్రోను ఎగరేసేవారు 'డిజిటల్ స్కై' పటంలో ఆ ప్రాంతం నిషిద్ధ మండలమో కాదో ముందే చూసుకోవాలి.

పల్లెలోనే తొలి ప్రదర్శన

పాట పూర్తయ్యాక కొన్నిచోట్ల విద్యార్థులు పాటిస్తున్న ఒక పద్ధతి మెచ్చుకోదగినది. ఇంటర్నెట్‌లో పెట్టడానికి ముందు ఊరిలోనే ఒక రాత్రి చూపిస్తున్నారు. పంచాయతీ గోడకు తెల్ల దుప్పటి కట్టి, కళాశాల నుంచి తెచ్చిన ప్రొజెక్టరుతో వేస్తారు. పొలంలో నాటినవారు, గట్టు మీద నిలబడి చూసినవారు, వద్దని కసిరినవారు అందరూ వస్తారు.

అక్కడ వచ్చే విమర్శ ఏ అధ్యాపకుడూ చెప్పలేనిది. "నాటు వెనక్కి వేస్తరు, మీరు ముందుకు నడిచినట్టు పెట్టిన్రు" అని ఒకరంటారు. "ఆ మాట అది కాదు బిడ్డా, మా అత్త వేరే తీరుగ పాడేది" అని మరొకరంటారు. అప్పటికప్పుడు ఇంకో చరణం బయటికి వస్తుంది. విద్యార్థులు మళ్ళీ ఫోను తీసి ముద్రిస్తారు. ఒక పాట తీయడానికి వచ్చినవారు రెండు పాటలతో తిరిగిపోతారు.

తప్పులు దిద్దడానికి మరో రెండు రాత్రులు పడుతుంది. మూడు వారాలు ఇలాగే గడిచిపోతాయి. చదువు వదిలి ఇదేమి పని అని తల్లిదండ్రులు అనడం సహజం. కాని ఒక పనిని మొదలు నుంచి చివరి దాకా నలుగురూ కలిసి పూర్తిచేయడం, లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో వెతకడం, కూలి మనిషిని మర్యాదగా అడగడం, అన్న మాటకు కాగితం రాసి ఇవ్వడం, ఇవి ఏ పరీక్షలోనూ రాని పాఠాలు.

పాట చివర తెరమీద తెల్లని అక్షరాలలో పేర్లు వస్తాయి. దర్శకుని పేరు, ఛాయాగ్రహణం, కూర్పు అన్నీ తరువాత వచ్చినా నష్టం లేదు. 'గానం' అన్న మాట పక్కన అవ్వ పేరు, ఇంటి పేరుతో, ఊరి పేరుతో ముందు రావాలి. ఆ అక్షరాలు ఆమెకు చదవరాకపోవచ్చు. పక్కన కూర్చున్న మనవరాలు బడిలో చదువుకుంటున్నది. గట్టిగా చదివి వినిపిస్తుంది.